అరవై లెక్క

మా ఆనకట్టను బయటినుంచి చూసినవాళ్లందరిదీ ఒకటే మాట, "అబ్బ, ఎంత పెద్ద గోడ!" అని. లోపలికి దిగినవాళ్లు ఆ మాట అనరు. ఆ గోడ కడుపులో, బాగా అడుగున, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒక సొరంగం ఉంది. ఆఫీసులో దాన్ని గ్యాలరీ అంటాం. ఇద్దరు ఎదురెదురు వస్తే ఒకరు గోడకు అంటుకుపోవాలి. అవతల నదినంతా ఆపి జలాశయం చేశాక ఆ నీరు చేతులు కట్టుకుని కూర్చోదు గదా, ఎంత గట్టి గోడలోంచైనా సన్నగా ఊరుతుంది. ఆ ఊటను ఇరవై గొట్టాల్లోంచి బయటికి రానిచ్చి, రోజూ కొలిచి రిజిస్టరులో రాసుకోవాలి. ఊట పెరిగిందంటే గోడకు ఏదో అయిందని అర్థం. పాతికేళ్లుగా ఆ ఊటను కొలిచినామె గురించే నేను చెప్పబోయేది.

నేను ఆ ఆఫీసులో గుమాస్తాను. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. నదికి అడ్డంగా కట్టిన గోడ గురించి అందరూ చెప్పుకుంటారు గాని, కాగితాలకు అడ్డంగా కూర్చున్న నా గురించి ఎవరూ చెప్పుకోరు. అందుకే నేనే చెప్పుకుంటున్నాను.

ఆ పని మొదట ఆమె భర్తది. ఆయన జబ్బు చేసి పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్లు. పిల్లలు లేరు. భర్త అక్క ఒకావిడ, ఆమె కూడా ఒంటరిదే, వచ్చి తోడుగా ఉండిపోయింది. వదినా మరదళ్లిద్దరూ క్వార్టర్సులో రెండు గదుల ఇంట్లో ఉండేవారు. వదినగారిది గొప్ప నోరు. ఆవిడ కొళాయి దగ్గర మాట్లాడితే మా ఇంట్లో పిల్లలు చదువు ఆపి వినేవారు. మరదలు పెద్దగా మాట్లాడేది కాదు. పొద్దున ఎనిమిదింటికి హెల్మెట్ పెట్టుకుని గ్యాలరీలోకి దిగితే, తిరిగి వచ్చేసరికి పన్నెండయ్యేది. వచ్చి రిజిస్టరు నా బల్ల మీద పెట్టేది. ఆ అట్ట ఎప్పుడూ చెమ్మగా ఉండేది. నా కాగితాలు తడుస్తాయని నేను దాన్ని రెండు వేళ్లతో పక్కకు జరిపేవాణ్ని.

పని చూడ్డానికి చిన్నదే. లీటర్ల గీతలున్న బకెట్టును గొట్టం కింద ఒక నిమిషం పట్టాలి, ఎంత పడిందో చూసి రాయాలి, పారబోయాలి, రెండో గొట్టం దగ్గరకు పోవాలి. అయితే ఆ గొట్టాలు మోకాలెత్తున వంకరగా ఉంటాయి. బకెట్టు కింద పెడితే నీరు పక్కకు పోతుంది. రెండు చేతులా ఎత్తి, నడుం వంచి పట్టుకోవాలి. టార్చి చంకలో. నిమిషం చూసుకోవడానికి మెడలో తాడుకు కట్టిన స్టాప్‌వాచి. ఇలా ఇరవై సార్లు, ఆదివారం తప్ప ప్రతిరోజూ.

పదకొండేళ్ల కిందట, ఆమెకు నలభై ఎనిమిదేళ్లప్పుడు, ఆ తాడు నాని నాని తెగింది. స్టాప్‌వాచి ఊటనీరు పోయే కాలవలో పడి చచ్చింది. ఇంకొకటి ఇప్పించమని ఆమె ఇండెంటు రాసింది. నేను దాని మీద 'స్టాకు లేదు' అని రాసి వెనక్కిచ్చాను. నెల తర్వాత మళ్లీ రాసింది. మళ్లీ 'స్టాకు లేదు'. మూడోసారీ అంతే. ఆమె చేతి గడియారం పెట్టుకుని చూసింది. గ్యాలరీ చెమ్మకు రెండు గడియారాలు అద్దం లోపల మసకేసి ఆగిపోయాయి. నాలుగోసారి నా దగ్గరకు రాలేదు. నోటితో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి నుంచి అరవై దాకా.

మా గేట్ల ఆపరేటరుకు ఈ సంగతి తెలిసి నవ్వాడు. ఆయన వేళాకోళం మనిషి. "నోటి లెక్కతో నిమిషం ఎలా వస్తుందమ్మా? పందెం. నేను ఓడితే వారం రోజులు టీ ఖర్చు నాది" అన్నాడు. ఆఫీసు వరండాలో ఆయన చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఆమె కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ లెక్కపెట్టి, "అరవై" అంది. సెకన్ల ముల్లు సరిగ్గా పన్నెండు మీద ఉంది. మూడుసార్లు చేయించాడు. మూడుసార్లూ ముల్లు అక్కడే. ఆపరేటరు నోరెళ్లబెట్టాడు. వారం రోజులు టీ పోయించడంతోపాటు ఆమెకు పేరు కూడా పెట్టాడు, 'అరవయ్యక్క' అని.

"నలభై ఎనిమిదేళ్లకే అరవై అంటగట్టారే మా పిల్లకి!" అని వదినగారు కొళాయి దగ్గర గొడవ పెట్టుకుంది గాని, పేరు నిలిచిపోయింది. అరవయ్యక్కకు మటుకు ఆ పేరంటే ఇష్టమని నాకు అనిపించేది. ఆ రోజు వరండాలో ఆమె నవ్వింది. అన్నేళ్లలో ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ తర్వాత ఐదేళ్లకు గ్యాలరీ లిఫ్టు ఆగిపోయింది. అది కూడా నా బల్ల మీదకే వచ్చింది. బాగుచేయించమని ఫైలు పెడితే పైనుంచి 'వచ్చే ఏడాది చూద్దాం' అని వచ్చింది. నేను ఏటేటా అదే ఫైలు కొత్త అట్టలో పెట్టి పంపేవాణ్ని, వాళ్లు ఏటేటా అదే మాట రాసి పంపేవారు. రెండొందల పన్నెండు మెట్లు. దిగడం ఒక ఎత్తు, ఎక్కడం ఒక ఎత్తు. మధ్యలో మూడుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంటుందని స్వీపరు చెప్పేవాడు. సాయంత్రం నేను వాళ్ల ఇంటి ముందునుంచి పోతుంటే గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఎదురుగా స్టూలు మీద కాళ్లు చాపుకుని ఉండేది. వదినగారు ఆ మోకాళ్లకు వేడినీళ్ల కాపడం పెడుతూ డిపార్టుమెంటును మొత్తంగా తిడుతూ ఉండేది. డిపార్టుమెంటు అంటే ఆ సమయానికి దారిన పోతున్న నేనే కాబట్టి తల వంచుకుని వెళ్లిపోయేవాణ్ని.

ఇక అసలు సంగతి. ఆమె రిటైరు కావడానికి ఇంకా ఏడు నెలలుందనగా మాకు కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. చదువుకున్న పిల్ల, చురుకైనది. పాత రిజిస్టర్లన్నీ దుమ్ము దులిపి తీసి, పదకొండేళ్ల ఊట లెక్కను గీతగా గీసింది. మొదటి ఐదేళ్లు ఇరవై గొట్టాలకూ కలిపి నిమిషానికి నూట అరవై లీటర్లు, కాస్త అటూ ఇటూ. ఆ తర్వాత గీత పైకి లేవడం మొదలైంది. నూట అరవై ఎనిమిది, నూట డెబ్బై ఐదు, నూట తొంభై. ఇప్పుడు రెండొందలు. జలాశయంలో నీటిమట్టం చూస్తే ఎప్పటిలాగే ఉంది. ఆ గీత చూసి పెద్ద ఇంజనీరుగారికి చెమటలు పట్టాయి.

ఒక్క విషయం ఇంజనీరమ్మకు అంతుపట్టలేదు. "గోడలో పగులు వస్తే ఒకచోట రావాలి గదండీ. ఇరవై గొట్టాల్లోనూ ఒకే పాళ్లలో ఎలా పెరుగుతుంది?" అని నన్నడిగింది. నన్నడిగితే నేనేం చెప్తాను? పెద్దాయన్ని అడిగితే, "అదే మరీ ప్రమాదం. గోడ మొత్తం బలహీనపడింది" అన్నాడు.

ఒక కమిటీ వచ్చింది, ముగ్గురు పెద్దమనుషులు. మెట్లు దిగేసరికే వాళ్ల తల ప్రాణం తోకకొచ్చింది. అరవయ్యక్క నాలుగు గొట్టాల దగ్గర బకెట్టు పట్టి చూపించింది. వాళ్లు ఆ గీతలు చూసి రాసుకున్నారు. అందులో ఒకాయన చేతి గడియారం చూసుకున్న మాట నిజమే, భోజనానికి ఇంకా ఎంతసేపుందోనని. పైకొచ్చి నిర్ణయం రాసిపోయారు: సోమవారం ఉదయం పదింటికి గేట్లు ఎత్తి, జలాశయాన్ని ముప్పై అడుగులు దించాలి. గోడ పరీక్ష చేసి, మరమ్మతు పూర్తయ్యేదాకా నింపకూడదు.

అప్పటికి ఎండలు మొదలయ్యాయి. దిగువన ఉన్న పట్టణం తాగేది ఈ నీళ్లే. ముప్పై అడుగులు దించితే వాళ్ల పంపులకు నీరందదు. అలాంటిది ఒక ఏడాది కరువులో జరిగింది. ఆసుపత్రిలో ఆపరేషన్లు వాయిదా వేశారు, బడులు మూసేశారు, ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకుని ఒకామె చెయ్యి విరిగింది. ఈసారి పట్టణానికి కనీసం నాలుగు నెలలు అదే గతి. మా ఆఫీసులో అందరికీ తెలుసు. గోడ కూలడం కంటే అది నయం గదా అని అందరం సరిపెట్టుకున్నాం.

ఆ శనివారం మధ్యాహ్నం జరిగింది తర్వాత వదినగారే నాకు చెప్పింది. ఆవిడకు కంటి ఆపరేషన్ అయి వారమైంది. రోజుకు నాలుగుసార్లు మందు చుక్కలు. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన ఒక నిమిషం వేలితో నొక్కిపెట్టాలని డాక్టరు చెప్పాడు. నిమిషం లెక్క ఇంట్లో ఎవరిదో చెప్పక్కర్లేదు. అరవయ్యక్క చుక్క వేసి, వదిన కన్ను పక్కన వేలు పెట్టి, గొణుక్కుంటూ లెక్కపెట్టింది. వదినగారికి కళ్లు మూసుకుంటే కాలక్షేపం ఏముంది? గోడ గడియారం టిక్కుటిక్కును లెక్కపెడుతూ కూర్చుంది.

"అరవై" అంది మరదలు.

"నీ అరవై తగలెయ్య! డెబ్బై ఐదయింది. నా ముక్కు నొప్పెడుతోందే తల్లీ" అంది వదిన.

"గడియారం తొందరగా నడుస్తోందేమో వదినా."

"గడియారం మీద పడతావేం? నిన్న కూడా అంతే. మొన్న కూడా అంతే. నువ్వే నిదానించావు."

అరవయ్యక్క మందు సీసా మూత పెట్టి, గోడ గడియారం కింద నిలబడి మళ్లీ లెక్కపెట్టింది. డెబ్బై నాలుగు. మళ్లీ. డెబ్బై ఆరు. ముల్లుతో సమానంగా పరుగెత్తాలని చూస్తే నలభై దగ్గర ఊపిరందక నాలుక తడబడింది. తర్వాత మంచం మీద కూర్చుని చేతుల వంక చూసుకుంటూ ఉండిపోయిందట. ఆ పూట వండలేదు. "ఏడుస్తుందేమోనని చూశాను. ఏడ్చినా బాగుండేది" అంది వదినగారు.

ఆదివారం పొద్దున్నే అరవయ్యక్క మా ఇంటికొచ్చింది. నేను వాకిట్లో కుర్చీ నవారు బిగిస్తున్నాను. గుమ్మం బయటే నిలబడి చెప్పింది.

"ఊట పెరగలేదండీ. నేను బకెట్టు ఎక్కువసేపు పడుతున్నాను. నా అరవై ఇప్పుడు డెబ్బై ఐదు."

నేను ముందు జలాశయం గురించి ఆలోచించలేదు, పట్టణం గురించీ ఆలోచించలేదు. మూడు ఇండెంట్ల మీద 'స్టాకు లేదు' అన్న నా దస్తూరీ కళ్ల ముందు కనిపించింది. అబద్ధం ఎందుకు, అదే కనిపించింది.

"తొందరపడకమ్మా. ఇంకా ఏడు నెలలే గదా నీకు. ఇప్పుడీ మాట బయటపెడితే పదకొండేళ్ల రిజిస్టరు తప్పని తేలుతుంది. నీ పెన్షన్‌కే ఎసరొస్తుంది. ఒక పని చెయ్యి. రేపు కాస్త గబగబా లెక్కపెట్టు. నూట అరవై అని రాయి. వాళ్లే గేట్లు ఆపేస్తారు, గొడవ ఉండదు" అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. మెట్లు ఎక్కి వచ్చినప్పుడు ఉండే ముఖమే.

"ఒక్కరోజులో రెండొందల నుంచి నూట అరవైకి పడిపోతే గొట్టాలు పూడుకుపోయాయంటారు. నీరు గోడలోనే నిలిచిపోయిందని ఇంకా భయపడతారు. ముప్పై అడుగులు కాదు, మొత్తం ఖాళీ చేస్తారు" అంది.

అంత కాలం ఆమెది బకెట్టు పట్టే పని మాత్రమే అనుకున్నాను. ఆ గోడ గురించి మా కమిటీ కంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

"మరేం చేస్తావు?"

"చెప్పేస్తాను. మీకు ముందు చెప్పాలనిపించింది, అంతే. ఇండెంట్ల మీద మీ రాత ఉంది గదా."

ఆమె వెళ్లిపోయాక నవారు ఎంత బిగించినా బిగియలేదు.

ఆదివారం ఇంజనీరమ్మ ఊళ్లో లేదు. సోమవారం ఎనిమిదింటికి రాగానే అరవయ్యక్క చెప్పింది. ఆ పిల్ల ఒక్క ప్రశ్న కూడా వేయకుండా చేతి గడియారం విప్పి ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని, ఆమెతోపాటు మెట్లు దిగింది. నేను పైన గేట్ల గదిలో ఉన్నాను. పెద్ద ఇంజనీరుగారు కుర్చీలో. ఆపరేటరు మీటల ముందు. కిటికీలోంచి జలాశయం కనిపిస్తోంది, నిండుగా, ఏమీ ఎరగనట్టు. దిగువన సైరన్ మోగించేశారు. తొమ్మిదిన్నర. తొమ్మిది నలభై. పెద్దాయన రెండుసార్లు నా వంక చూశాడు, నేను రెండుసార్లూ కిటికీ వంక చూశాను.

పదికి ఐదు నిమిషాలు తక్కువ ఉందనగా ఇంజనీరమ్మ తలుపు తోసుకుని వచ్చింది. రొప్పుతోంది. జుట్టంతా తడి.

"నూట అరవై ఒకటి సార్. ఇరవై గొట్టాలూ గడియారంతో కొలిచాం. నేనే బకెట్టు పట్టాను. గోడకు ఏమీ కాలేదు."

పెద్దాయనకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆ పిల్లకు పది నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహం ఎర్రబడింది. "అంటే పదకొండేళ్లు ఒక మనిషి నోటి లెక్క మీద ఈ ఆనకట్ట నడిచిందా?"

ఆపరేటరు మీటల మీదనుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "బాగానే నడిచింది గదా సార్" అన్నాడు మెల్లగా.

గేట్లు ఎత్తలేదు. పట్టణంలో ఎవరికీ ఏమీ తెలియలేదు. పొద్దున సైరన్ ఎందుకు మోగిందని ఇద్దరు ఫోను చేశారు, పరీక్ష కోసమని చెప్పాం. అరవయ్యక్క ఇంకా పైకి రాలేదని నాకు పదకొండింటికి గుర్తొచ్చింది. మెట్ల దగ్గరకు వెళ్లి చూశాను. మూడో మలుపులో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఖాళీ బకెట్టు పక్కనే. "ఆపేశారా?" అనడిగింది. ఆపేశారన్నాను. తలూపి, కాసేపాగి వస్తానంది.

రెండు రోజులకు మెమో వచ్చింది. దాన్ని టైపు చేసింది నేనే. కొలత పద్ధతిని ఎవరి అనుమతితో మార్చారు, లెక్క ఏ కారణం చేత నిదానించింది, మూడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను. ఆ 'ఏ కారణం చేత' దగ్గర నా వేళ్లు ఆగాయి. ఇంజనీరమ్మ గీసిన గీత నా బల్ల మీదే ఉంది. గోడ మారలేదని తేలింది గనక ఆ గీత ఇంక గోడది కాదు. అది ఆమెది. ఆమె ఒంట్లో ఓపిక ఏ ఏడాది ఎంత తగ్గిందో లీటర్లలో ఉంది. ఐదేళ్లు తిన్నగా నడిచి ఆ గీత ఎక్కడ పైకి లేచిందో చూస్తే, అది లిఫ్టు ఆగిపోయిన నెల.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక స్టోరు బీరువా తాళం తీశాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ బీరువా కింది అర నేను తెరిచి చూడలేదు. స్టాకు పుస్తకంలో లేదంటే లేదని రాసేవాణ్ని. పాత టేపుల కింద ఒక అట్టపెట్టె ఉంది. అందులో రెండు స్టాప్‌వాచీలు, నూనె కాగితంలో చుట్టినవి. పెట్టె మీద తేదీ చూశాను. ఆమె మొదటి ఇండెంటు కంటే రెండేళ్లు ముందుది. నాకు సిగ్గేసింది. ఇది రాస్తుంటే ఇప్పుడూ వేస్తోంది.

మర్నాడు ఒకటి తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను. ఎక్కడిదో చెప్పాను. వదినగారు పక్కనే ఉంది, నన్ను కడిగేస్తుందని సిద్ధపడే వెళ్లాను. ఆవిడ ఆపరేషన్ అయిన కన్నుతో ఆ వాచీని చూసి లోపలికి వెళ్లిపోయింది. అరవయ్యక్క దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"చూసుంటే బాగుండేది" అంది. అంతే.

సంజాయిషీ నేను రాసిపెడతానన్నాను. ఇండెంట్లు, లిఫ్టు ఫైలు, బీరువా, అన్నీ రాస్తానన్నాను. "అవి మీరు రాసుకోండి, మీ పేరుతో. నాది నేను చెప్తాను" అంది. చెప్పింది, నేను రాశాను. 'అరవై దాకా లెక్కపెట్టాను. ఏ రోజూ ఒక్క అంకె వదల్లేదు. అలిసిపోయాను.' కింద సంతకం పెట్టింది. దానికి నా కాగితం కూడా జతచేశాను, మూడు ఇండెంట్లతో సహా. పైవాళ్లు రెండూ చదివి, ఏం చేయాలో తోచక ఫైలు మూసేశారు. నాకొక ఇంక్రిమెంటు ఆగింది. అది ఆగాల్సిందే.

ఆమె రిటైరయ్యే వారం నేను మొదటిసారి గ్యాలరీలోకి దిగాను. రిజిస్టరూ టార్చీ నేను పట్టుకుంటానన్నాను. వద్దనలేదు. రెండొందల పన్నెండు మెట్లూ గోడ పట్టుకునే దిగాను. మొదటి గొట్టం దగ్గర ఆమె మెడలో వాచీ నొక్కి, నడుం వంచి, రెండు చేతులా బకెట్టు ఎత్తిపట్టింది. నీరు సన్నగా పడుతోంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. వాచీ అరవై చూపించినప్పుడు నేను "అయింది" అన్నాను. ఆమె బకెట్టు తీసి కింద పెట్టింది. ఎనిమిది లీటర్లు, రాశాను.

రెండో గొట్టానికి కదులుదామని చూస్తే ఆమె కదల్లేదు. పెదాలు ఇంకా ఆడుతున్నాయి. దగ్గరకు వంగితే వినబడింది. "నలభై తొమ్మిది... యాభై... యాభై ఒకటి..."

నేను టార్చి పట్టుకుని, ఆమె అరవై అయ్యేదాకా నిలబడ్డాను.